ట్రినిడాడ్ దర్శనీయ స్థలాలు: సొంత నేల కోసం సాగిన చరిత్రకు ఆనవాళ్లు

కరీబియన్ సముద్రానికి దక్షిణ కొసన, వెనిజులా తీరానికి సుమారు 11 కిలోమీటర్ల దూరంలో ఉన్న దీవి ట్రినిడాడ్. వైశాల్యం దాదాపు 4,768 చదరపు కిలోమీటర్లు. పొరుగున ఉన్న చిన్న దీవి టొబాగోతో కలిసి ఇది ట్రినిడాడ్ అండ్ టొబాగో గణతంత్ర దేశంగా ఏర్పడింది. రెండు దీవుల జనాభా కలిపి సుమారు 14 లక్షలు. 2011 జనగణన ప్రకారం వీరిలో 35 శాతానికి పైగా భారత సంతతివారు కాగా, 34 శాతానికి పైగా ఆఫ్రికా సంతతివారు.

కరీబియన్ దీవులనగానే ఇసుక తీరాలు, కొబ్బరి తోటలు, విహార నౌకలు గుర్తుకు వస్తాయి. ట్రినిడాడ్‌కు ఉత్తర తీరాన మరాకస్ వంటి అందమైన సముద్ర తీరాలు ఉన్నాయి. అయితే ఈ దీవికి ప్రత్యేకతను తెచ్చిపెట్టినవి ఇక్కడి చారిత్రక ప్రదేశాలు. శాసనసభ భవనం, నగరం నడుమనున్న మైదానం, కొండమీది కోట, సముద్రంలోని గుడి — వీటిలో దేని చరిత్రను తరచి చూసినా చివరకు ఒకే ప్రశ్న ఎదురవుతుంది. ఈ నేల ఎవరిది? ఆదివాసుల నుంచి స్పెయిన్ వారు, వారి నుంచి బ్రిటిష్ వారు తీసుకున్న నేలలో, బానిసలుగానూ కూలీలుగానూ వచ్చినవారు తమకంటూ ఒక చోటు ఎలా సంపాదించుకున్నారో ఈ ప్రదేశాలు చెబుతాయి.

నాలుగు దిక్కుల నుంచి వచ్చిన జనం

క్రిస్టఫర్ కొలంబస్ తన మూడో సముద్రయానంలో 1498 జులై 31న ఈ దీవిని చూశాడు. క్రైస్తవ త్రిత్వానికి గుర్తుగా ట్రినిడాడ్ అని పేరు పెట్టాడు. అప్పటికే ఇక్కడ వేల సంవత్సరాలుగా ఆదివాసీ తెగలు నివసిస్తున్నాయి. దీవికి నైరుతి భాగాన ఉన్న బన్వారీ ట్రేస్ అనే చోట పురావస్తు శాస్త్రవేత్తలకు సుమారు 7,000 ఏళ్ల నాటి ఆవాసపు జాడలు దొరికాయి. 1969లో అక్కడ ఒక మానవ అస్థిపంజరం కూడా బయటపడింది. కరీబియన్ దీవుల్లో మానవ నివాసానికి సంబంధించిన అతి ప్రాచీన ఆధారాల్లో ఇది ఒకటి.

స్పెయిన్ పాలన దాదాపు మూడు శతాబ్దాలు సాగింది. జనం తక్కువగా ఉన్న దీవిని సాగులోకి తేవడానికి 1783లో స్పెయిన్ రాజు ఒక ఫర్మానా జారీ చేశాడు. కాథలిక్కులైన విదేశీయులు వచ్చి స్థిరపడితే వారికి భూమి ఇస్తామన్నది దాని సారాంశం. వెంట తెచ్చుకునే బానిసల లెక్కను బట్టి భూమి విస్తీర్ణం పెరిగేది. ఫలితంగా ఫ్రెంచి తోటల యజమానులు, వారితోపాటు వేలమంది ఆఫ్రికా బానిసలు దీవికి చేరారు. 1797లో బ్రిటిష్ నౌకాదళం దీవిని పట్టుకుంది. 1802 నాటి అమియాన్ ఒప్పందంతో అది అధికారికంగా బ్రిటన్ వశమైంది.

బ్రిటిష్ సామ్రాజ్యంలో 1834లో బానిసత్వం రద్దయింది. అయినా, స్వేచ్ఛ పొందినవారు మరికొంత కాలం పాత యజమానుల దగ్గరే పనిచేయాలన్న నిబంధన పెట్టారు. అది 1838లో ముగిసింది. చెరకు తోటల్లో తక్కువ కూలికి పనిచేసేవారి కోసం యజమానులు భారతదేశం వైపు చూశారు. 1845 మే 30న ఫతేల్ రజాక్ అనే ఓడ సుమారు 225 మంది భారతీయులతో పోర్ట్ ఆఫ్ స్పెయిన్ తీరానికి చేరింది. అప్పటి నుంచి 1917 వరకు లక్షా 40 వేలకు పైగా భారతీయులు ఒప్పంద కూలీలుగా ఇక్కడికి వచ్చారు. అత్యధికులు కలకత్తా రేవు నుంచి ఓడ ఎక్కినవారే. మద్రాసు రేవు నుంచి వచ్చినవారు కొద్దిమంది. తమిళులతో పాటు తెలుగువారూ వారిలో ఉన్నారు. దక్షిణ భారతం నుంచి వచ్చిన వారందరినీ ఇక్కడ మద్రాసీలు అని ఒకే పేరుతో పిలిచేవారు.

రెడ్ హౌస్: సభాభవనం కింద సమాధులు

రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నడిబొడ్డున, ఉడ్‌ఫర్డ్ స్క్వేర్ అనే ఉద్యానవనానికి ఎదురుగా ఎర్రని గోడలతో కనిపించే పెద్ద కట్టడం రెడ్ హౌస్. ఇదే దేశ పార్లమెంటు భవనం. తొలి భవనానికి 1844లో శంకుస్థాపన జరిగింది. 1897లో విక్టోరియా రాణి పాలనకు 60 ఏళ్లు నిండిన సందర్భంగా దానికి ఎర్ర రంగు వేయడంతో ఈ పేరు స్థిరపడింది.

1903 మార్చి 23న ఈ భవనం తగలబడింది. నీటి సరఫరాపై ప్రభుత్వం తేదలచిన చట్టాన్ని వ్యతిరేకిస్తూ జనం గుమిగూడారు. ఆందోళన అల్లర్లకు దారితీసింది. పోలీసుల కాల్పుల్లో 16 మంది మరణించారు. పునర్నిర్మించిన భవనం 1907లో ప్రారంభమైంది. మళ్లీ 1990 జులై 27న సాయుధులు పార్లమెంటులోకి చొరబడి, ప్రధాని ఎ.ఎన్.ఆర్. రాబిన్సన్‌తో సహా పలువురిని ఆరు రోజులపాటు బందీలుగా ఉంచారు. ఆ తిరుగుబాటు యత్నంలో ప్రాణాలు కోల్పోయినవారి స్మారకం భవనం ఆవరణలో ఉంది.

ఈ భవనం చరిత్రలో అందరినీ ఆలోచింపజేసిన సంగతి 2013లో వెలుగు చూసింది. మరమ్మతుల కోసం పునాదుల వద్ద తవ్వుతుండగా మనిషి ఎముకలు, మట్టిపాత్రల ముక్కలు బయటపడ్డాయి. అవి ఐరోపావాసుల రాకకు పూర్వం ఇక్కడ జీవించిన ఆదివాసులవని పరిశోధకులు తేల్చారు. దేశానికి చట్టాలు చేసే సభ ఆ నేల తొలి వారసుల సమాధులపై నిలిచి ఉందని అప్పుడు జనానికి తెలిసింది. ఆదివాసీ సమాజాల పెద్దలు సంప్రదాయ కర్మలు జరపగా, 2019లో ఆ అస్థికలను అదే ఆవరణలో తిరిగి ఖననం చేశారు. 2020 జనవరిలో పార్లమెంటు మళ్లీ ఈ భవనంలోకి వచ్చింది.

ఈ పార్లమెంటుతో భారతదేశానికి ఒక అనుబంధం ఉంది. స్పీకర్ ఆసనం 1968లో భారత ప్రజల తరఫున అందిన కానుక. 2025 జులైలో ప్రధాని నరేంద్ర మోదీ ఈ సభలో ప్రసంగించినప్పుడు ఆ ఆసనాన్ని ప్రస్తావించారు. ఈ దేశంలోని భారత సంతతివారిలో ఆరో తరం వరకు విదేశీ భారతీయ పౌరసత్వ కార్డులు ఇస్తామన్న ప్రకటన కూడా ఆ పర్యటనలోనే వెలువడింది.

రెడ్ హౌస్ ఎదుటి ఉడ్‌ఫర్డ్ స్క్వేర్ స్వాతంత్ర్యోద్యమ వేదిక. చరిత్రకారుడు, తరువాత తొలి ప్రధాని అయిన ఎరిక్ విలియమ్స్ 1950లలో ఇక్కడ బహిరంగ ఉపన్యాసాలు ఇచ్చేవారు. బానిసత్వం, వలస పాలన, రాజ్యాంగం వంటి విషయాలను సామాన్యులకు బోధించిన ఈ చోటును ఉడ్‌ఫర్డ్ స్క్వేర్ విశ్వవిద్యాలయమని పిలిచారు. దేశానికి 1962 ఆగస్టు 31న స్వాతంత్ర్యం వచ్చింది.

సవానా మైదానం, ఏడు భవనాలు

రెడ్ హౌస్ నుంచి ఉత్తరంగా కొద్ది దూరం వెళితే క్వీన్స్ పార్క్ సవానా వస్తుంది. సుమారు 260 ఎకరాల ఈ పచ్చిక మైదానం ఒకప్పుడు చెరకు తోట. 1817లో గవర్నర్ రాల్ఫ్ ఉడ్‌ఫర్డ్ దీనిని పెషియే అనే కుటుంబం నుంచి కొనుగోలు చేయించారు. కుటుంబ శ్మశానవాటికను మాత్రం వారు అమ్మలేదు. ఎత్తయిన గోడ నడుమ ఆ చిన్న స్థలం నేటికీ మైదానం మధ్యలోనే ఉంది. ఏటా కార్నివాల్ ఊరేగింపులు, స్టీల్‌పాన్ వాద్య పోటీలు ఈ మైదానంలోనే జరుగుతాయి. పనికిరాని ఇనుప పీపాల నుంచి ఇక్కడి పేదలు 20వ శతాబ్దంలో రూపొందించిన వాద్యమే స్టీల్‌పాన్. నేడది ఆ దేశపు జాతీయ వాద్యం.

మైదానానికి పడమటి వైపు వరుసగా ఏడు భవనాలు కనిపిస్తాయి. 'మహత్తర సప్తకం' అనదగిన పేరుతో ఇవి ప్రసిద్ధి చెందాయి. కోకో ఎగుమతులతో దీవి సంపన్నంగా ఉన్న 20వ శతాబ్దం తొలి దశకంలో ఇవి రూపుదిద్దుకున్నాయి. స్కాట్లాండ్ కోటను తలపించే స్టాల్‌మేయర్స్ కాజిల్, తెల్లని వైట్‌హాల్, చెక్క నగిషీల మిల్ ఫ్లర్స్, ఆర్చిబిషప్ నివాసం, హేస్ కోర్ట్, రూమర్, గడియార స్తంభం గల క్వీన్స్ రాయల్ కాలేజీ — ఒక్కో దానిది ఒక్కో నిర్మాణ శైలి. వైట్‌హాల్ ఒక కోకో వ్యాపారి ఇల్లుగా మొదలై, తరువాత ప్రధాని కార్యాలయమైంది. క్వీన్స్ రాయల్ కాలేజీలో చదివినవారిలో ఎరిక్ విలియమ్స్, చరిత్రకారుడు సి.ఎల్.ఆర్. జేమ్స్, రచయిత వి.ఎస్. నైపాల్ ఉన్నారు.

సెయింట్ జేమ్స్: భారతీయ నగరాల పేర్లతో వీధులు

సవానాకు పడమర దిక్కున సెయింట్ జేమ్స్ అనే పేట ఉంది. ఒకప్పుడు చెరకు తోటగా ఉన్న ఈ ప్రాంతంలో ఒప్పంద కాలం పూర్తయిన భారతీయులు స్థిరపడ్డారు. కలకత్తా, మద్రాసు, బొంబాయి, లక్నో, పట్నా పేర్లతో ఇక్కడ వీధులు ఉన్నాయి. నైపాల్ తండ్రి, పాత్రికేయుడు సీపర్సాద్ నైపాల్ చివరి సంవత్సరాల్లో నివసించిన ఇల్లు కూడా ఈ పేటలోనే ఉంది.

మొహర్రం నెలలో సెయింట్ జేమ్స్ వీధుల్లో హోసే ఉత్సవం జరుగుతుంది. వెదురు, రంగు కాగితాలతో రోజుల తరబడి శ్రమించి చేసిన తాజియాలను డప్పుల మోతతో ఊరేగిస్తారు. పీర్ల పండుగకు హిందువులూ ముస్లింలూ కలిసి కదిలే తెలుగు పల్లెల దృశ్యం దీనిని చూసినవారికి గుర్తుకు రాక మానదు. ఈ ఉత్సవానికి ఒక విషాద చరిత్ర ఉంది. 1884 అక్టోబరు 30న దక్షిణాది పట్టణం శాన్ ఫెర్నాండోలోకి ఊరేగింపులు రాకూడదన్న ప్రభుత్వ ఆంక్షను కాదని కూలీలు ముందుకు సాగారు. కాల్పుల్లో పదిమందికి పైగా మరణించారు. పట్టణపు వీధిలో నడిచే హక్కు కోసం వారు చెల్లించిన మూల్యం అది.

సెయింట్ జేమ్స్‌కు సమీపంలోని క్వీన్స్ పార్క్ ఓవల్ భారత క్రికెట్ అభిమానులకు చిరపరిచితం. 1971 మార్చిలో వెస్టిండీస్‌పై భారత్ తన తొలి టెస్టు విజయాన్ని సాధించింది ఇక్కడే. సునీల్ గవాస్కర్‌కు అదే తొలి టెస్టు. హైదరాబాద్‌కు చెందిన వికెట్ కీపర్ పి. కృష్ణమూర్తి, ఆల్‌రౌండర్ సయ్యద్ ఆబిద్ అలీ ఆ జట్టు సభ్యులు. 1976లో 403 పరుగుల లక్ష్యాన్ని నాలుగో ఇన్నింగ్స్‌లో ఛేదించి భారత్ అప్పటికి ప్రపంచ రికార్డు సృష్టించిన మైదానం కూడా ఇదే.

కొండమీది కోట

సెయింట్ జేమ్స్ వెనుక లేచిన కొండలపై, సముద్ర మట్టానికి సుమారు 1,100 అడుగుల ఎత్తున ఫోర్ట్ జార్జ్ ఉంది. గవర్నర్ థామస్ హిస్లప్ 1804లో దీనిని కట్టించారు. దాడి జరిగితే నగర వ్యాపారులు తమ సొత్తును దాచుకోవడానికీ ఈ కోట ఉపయోగపడేది. అయితే ఇక్కడ యుద్ధం ఎన్నడూ జరగలేదు. కోట ప్రాకారం వద్ద నిలబడితే రాజధాని నగరం, పారియా సింధుశాఖ, ఆకాశం తేటగా ఉన్న రోజున వెనిజులా కొండలు కనిపిస్తాయి.

కోటలోని చిన్న సిగ్నల్ భవనం 1883 నాటిది. ఓడల రాకపోకలను నగరానికి తెలియజేయడానికి దీనిని నిర్మించారు. దీని నమూనా రూపొందించినది ఆఫ్రికాలోని అశాంతి రాజ్యపు రాకుమారుడు కోఫీ ఎన్టీ. బ్రిటిష్ వారితో జరిగిన యుద్ధంలో ఓడిన రాజు కోఫీ కరికరి కుమారుడాయన. ఆయనను బ్రిటిష్ ప్రభుత్వం ట్రినిడాడ్‌కు పంపి, అధికారుల సంరక్షణలో ఉంచింది. తన రాజ్యాన్ని జయించినవారి కోటలో ఆయన గీసిన నమూనా ప్రకారం కట్టిన భవనం నేటికీ చెక్కుచెదరలేదు.

నెల్సన్ దీవి: తొలి అడుగు పడిన చోటు

కోట పైనుంచి పడమరగా చూస్తే సముద్రంలో చిన్న దీవుల గుంపు కనిపిస్తుంది. వాటిలో ఒకటి నెల్సన్ దీవి. 1866 నుంచి 1917 వరకు భారతదేశం నుంచి వచ్చిన ఓడలు ముందుగా ఇక్కడ ఆగేవి. మూడు నెలల ప్రయాణంలో డస్సిపోయిన స్త్రీ పురుషులను, పిల్లలను దించి, వైద్య పరీక్షలు జరిపి, రోగులను వేరుచేసి, మిగిలినవారిని తోటలకు పంచేవారు. ఒకే ఊరి నుంచి వచ్చినవారు, ఓడలో స్నేహితులైనవారు ఇక్కడ విడిపోయేవారు. ఒకే ఓడలో వచ్చినవారు ఒకరినొకరు జహాజీ భాయ్, జహాజీ బహన్ అని జీవితాంతం పిలుచుకున్నారు. ఓడలో కుదిరిన ఆ బంధుత్వం కులాల హద్దులను చాలావరకు చెరిపివేసింది.

ఒప్పందం సాధారణంగా అయిదేళ్లు. ఆ కాలంలో తోట దాటి వెళ్లాలంటే అనుమతి పత్రం చేతిలో ఉండాలి. లేకపోతే జైలు. తిరుగు ప్రయాణానికి ఉచిత టిక్కెట్టు కావాలంటే దీవిలో మొత్తం పదేళ్లు గడపాలి. 1869 నుంచి కొన్నేళ్లపాటు ప్రభుత్వం మరో మార్గం చూపింది. తిరిగి వెళ్లే హక్కును వదులుకుంటే కొంత భూమి ఇస్తామంది. స్వదేశానికి దారి మూసుకుంటేనే పరాయి దేశంలో సొంత నేల దక్కిందన్నమాట. చాలామంది ఆ షరతుకు ఒప్పుకున్నారు. మధ్య ట్రినిడాడ్‌లోని అనేక గ్రామాలు అలా పుట్టినవే.

నెల్సన్ దీవికి తరువాతి చరిత్ర కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఐరోపా నుంచి తప్పించుకొని వచ్చిన యూదు శరణార్థులను ఇక్కడ ఉంచారు. కార్మిక నాయకుడు ట్యూబల్ యూరియా బట్లర్‌ను, 1970 నాటి నల్లజాతి ఉద్యమ నాయకులను నిర్బంధించిందీ ఇక్కడే. ప్రస్తుతం జాతీయ ట్రస్టు ఈ దీవి సంరక్షణ చూస్తోంది. ముందస్తు ఏర్పాటుతో పడవలో వెళ్లి చూడవచ్చు. ఒప్పంద కూలీల వివరాలు నమోదైన రిజిస్టర్లు రాజధానిలోని జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. 2011లో యునెస్కో వీటిని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. పేరు, తండ్రి పేరు, ఊరు, ఓడ పేరు — ఈ నాలుగు వివరాలతో తమ మూలాలను వెతుక్కునే కుటుంబాలకు అవే ఆధారం.

చాగ్వానస్: సొంత ఇంటి కథ

నెల్సన్ దీవి నుంచి కూలీలను పంపిన తోటల్లో అనేకం రాజధానికి దక్షిణాన, మధ్య మైదానంలో ఉండేవి. ఆ ప్రాంతపు ముఖ్య పట్టణం చాగ్వానస్. ప్రధాన వీధిలోని లయన్ హౌస్ ఇక్కడి ప్రసిద్ధ కట్టడం. ఒప్పంద కూలీగా వచ్చి పేరున్న పండితుడిగా ఎదిగిన కపిల్‌దేవ్ 1920లలో ఉత్తర భారత శైలిలో దీనిని కట్టించారు. ముందు వసారాపై ఉన్న సింహాల బొమ్మల వల్ల ఆ పేరు వచ్చింది. ఆయన మనుమడే 2001లో నోబెల్ సాహిత్య బహుమతి అందుకున్న వి.ఎస్. నైపాల్. 1961లో వెలువడిన 'ఎ హౌస్ ఫర్ మిస్టర్ బిశ్వాస్' నవలలో ఈ భవంతి హనుమాన్ హౌస్‌గా కనిపిస్తుంది. అత్తవారింట తలదాచుకుంటూ జీవితమంతా సొంత ఇంటి కోసం తపించిన మనిషి కథ అది.

చాగ్వానస్ శివార్లలో 1986 నుంచి ఏటా దీపావళి ముందు జరిగే దివాలీ నగర్ ప్రదర్శనకు అన్ని మతాలవారూ వస్తారు. వీధి బండ్ల వద్ద దొరికే డబుల్స్ అనే చిరుతిండి దీవి అంతటికీ ప్రీతిపాత్రం. పసుపు కలిపిన పిండితో వేయించిన రెండు మెత్తని బారాల నడుమ ఉడికించిన శనగల కూర పెట్టి, కారం, పచ్చళ్లతో ఇస్తారు.

సముద్రంలో గుడి

చాగ్వానస్‌కు నైరుతి దిక్కున, పారియా సింధుశాఖ ఒడ్డున వాటర్లూ అనే గ్రామం ఉంది. తీరం నుంచి సుమారు 500 అడుగుల మేర సముద్రంలోకి చొచ్చుకుపోయిన కాలిబాట చివర తెల్లని గుడి కనిపిస్తుంది. ట్రినిడాడ్‌లో అత్యధికులు చూడాలనుకునే ప్రదేశాల్లో ఇది ఒకటి.

దీనిని ఆరంభించినది శివదాస్ సాధు. 1903లో భారతదేశంలో జన్మించి, చిన్నతనంలో తల్లిదండ్రులతో ఇక్కడికి వచ్చిన ఆయన చెరకు తోట కూలీ. 1947లో ఆయన తీరంలో ఒక చిన్న గుడి కట్టారు. ఆ స్థలం చక్కెర కంపెనీది. గుడిని తొలగించాలని కంపెనీ ఆదేశించింది. ఆయన ఒప్పుకోలేదు. 1952లో గుడిని కూల్చివేశారు. అనుమతి లేకుండా పరాయి భూమిలో కట్టడం చేసినందుకు ఆయనకు జైలు శిక్ష, జరిమానా పడ్డాయి.

జైలు నుంచి వచ్చిన శివదాస్ ఒక నిర్ణయం తీసుకున్నారు. నేల అంతటికీ యజమానులు ఉన్నారు, సముద్రానికి లేరు. కాబట్టి గుడిని సముద్రంలోనే కట్టాలి. పోటు తగ్గిన వేళల్లో రాళ్లు, ఇసుక, సిమెంటు సైకిలుపై మోసుకెళ్లి, కొంచెం కొంచెంగా సముద్రాన్ని పూడుస్తూ వెళ్లారు. ఇనుప పీపాల్లో కాంక్రీటు నింపి పునాదిగా నిలిపారు. కొందరు పరిహసించారు, మరికొందరు చేయి కలిపారు. తుదిశ్వాస విడిచే వరకు దాదాపు రెండు దశాబ్దాలు ఆయన ఈ పనిలోనే గడిపారు. తరువాత చాలాకాలం అలల తాకిడికి ఆ కట్టడం శిథిలమవుతూ వచ్చింది. భారతీయుల రాకకు 150 ఏళ్లు నిండిన 1995 నాటికి ప్రభుత్వం చొరవ తీసుకుని దానిని పునర్నిర్మించింది. ఒకనాడు గుడి కట్టినందుకు శిక్షించిన దేశం నేడు ఆ మనిషి విగ్రహాన్ని అదే తీరంలో నిలిపింది.

గుడికి సమీపంలో హిందువుల దహనవాటిక ఉంది. ఆటు సమయంలో కాలిబాటకు ఇరువైపులా బురద నేల తేలుతుంది. పోటు వేళ గుడి నీటిపై తేలుతున్నట్లు కనిపిస్తుంది. దర్శనానికి పోటు సమయం చూసుకుని వెళ్లడం మంచిది. అదే గ్రామంలో 2006లో ఏర్పాటైన ఇండియన్ కరీబియన్ మ్యూజియంలో కూలీల వంటపాత్రలు, పనిముట్లు, వాద్యాలు, ఛాయాచిత్రాలు చూడవచ్చు.

వాటర్లూకు దగ్గరలోని కారపిచైమాలో దత్తాత్రేయ ఆలయం, 85 అడుగుల హనుమంతుని విగ్రహం ఉన్నాయి. 2003లో ప్రతిష్ఠితమైన ఈ విగ్రహం, ద్రావిడ శైలిలోని ఆలయం భారతీయ శిల్పుల పనితనం. తెలుగునాట విస్తృతంగా అనుయాయులున్న మైసూరు అవధూత దత్తపీఠాధిపతి గణపతి సచ్చిదానంద స్వామి ఆధ్వర్యంలో ఇవి వెలిశాయి. సముద్రంలోని చిన్న గుడిని చూసి ఇక్కడికి వచ్చిన యాత్రికునికి రెండు కాలాల మధ్య తేడా కళ్లకు కడుతుంది.

సిపారియా మాత, తారు సరస్సు

దక్షిణ ట్రినిడాడ్‌లోని సిపారియాలో కాథలిక్ చర్చి ఒకటి ఉంది. స్పెయిన్ మతగురువుల కాలం నుంచి అక్కడ కొలువైన లా డివీనా పాస్తోరా మాత విగ్రహం నల్లని ఛాయలో ఉంటుంది. గుడ్ ఫ్రైడేకు ముందు రోజు, ఆ రోజున వేలమంది హిందువులు వచ్చి ఆమెను సిపారియా మాయిగా కొలుస్తారు. బియ్యం, నూనె, కానుకలు సమర్పిస్తారు. పిల్లల పుట్టు వెంట్రుకలు ఇక్కడ తీయించే ఆచారం ఉంది. గుణదల మేరీమాత ఉత్సవానికి మతంతో నిమిత్తం లేకుండా జనం తరలిరావడం ఎరిగినవారికి ఈ దృశ్యం కొత్తగా అనిపించదు.

సిపారియాకు వాయవ్యంగా, తీరం దగ్గర లా బ్రేయా అనే ఊరిలో సుమారు 100 ఎకరాల తారు సరస్సు ఉంది. సహజసిద్ధంగా ఏర్పడిన తారు నిక్షేపాల్లో ప్రపంచంలో ఇదే అతిపెద్దది. దీని లోతు దాదాపు 75 మీటర్లని అంచనా. భూగర్భపు చీలికల గుండా పైకి ఉబికిన ముడి చమురులోని తేలిక పదార్థాలు ఆవిరైపోగా మిగిలిన చిక్కని తారే ఈ సరస్సు. పైపొర చాలాచోట్ల గట్టిపడి ఉండటంతో, దారి తెలిసిన మార్గదర్శి వెంట నడిచి వెళ్లవచ్చు. మెత్తని చోట కాలు దిగబడుతుంది. పవిత్రమైన తేనెపిట్టలను చంపి తిన్న తెగను దేవతలు శిక్షించి తారులో ముంచేశారని ఆదివాసుల గాథ. 1595లో ఆంగ్ల నావికుడు వాల్టర్ రాలీ ఈ తారుతో తన ఓడలకు పూత వేయించాడు. 1876లో వాషింగ్టన్‌లోని పెన్సిల్వేనియా అవెన్యూకు ఇక్కడి తారు వాడారు. ఊరి కింద కూడా తారు కదులుతూ ఉండటంతో ఇళ్లు ఒరగడం, రోడ్లు వంగడం ఇక్కడ మామూలే. బన్వారీ ట్రేస్‌తో పాటు ఈ సరస్సు కూడా 2011లో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో చేరింది.

తిరుగు దారిలో కారోనీ చిత్తడి నేలలు

దక్షిణం నుంచి రాజధానికి తిరిగి వచ్చేవారు సాయంత్రానికి కారోనీ చిత్తడి నేలలకు చేరుకునేలా ప్రయాణాన్ని అమర్చుకుంటే మేలు. మడ అడవుల మధ్య కాలువల్లో పడవలు నడుస్తాయి. సూర్యాస్తమయ వేళకు జాతీయ పక్షి అయిన ఎర్ర కంకణం కొంగలు గుంపులుగా వచ్చి చెట్లపై వాలతాయి. పచ్చని మడ చెట్లు క్షణాల్లో ఎర్రబారిపోతాయి. ఈ చిత్తడి నేలలను 2005లో రామ్‌సర్ ఒప్పందం కింద గుర్తించారు. వేట వల్ల తగ్గుతున్న ఈ పక్షులకు 2018లో ప్రత్యేక చట్ట రక్షణ కల్పించారు.

చిత్తడి నేలలకు ఆనుకుని ఉన్న మైదానంలో ఒకప్పుడు కనుచూపు మేర చెరకే ఉండేది. ప్రభుత్వ రంగంలోని కారోనీ చక్కెర సంస్థ 2003లో మూతపడటంతో ఆ దృశ్యం మారిపోయింది. కూలీల శ్రమకు సాక్ష్యంగా మిగిలిన తోటలు, బారకాసులు దాదాపు కనుమరుగయ్యాయి. రాజధానిలోని ధనికుల భవనాలు రాతివి కాబట్టి నిలిచాయి. కూలీల ఇళ్లు కర్రవి, మట్టివి కాబట్టి నిలవలేదు. అందువల్లనే నెల్సన్ దీవిలోని కట్టడాలు, అభిలేఖాగారంలోని రిజిస్టర్లు, వాటర్లూలోని గుడి మరింత విలువైనవి. సముద్రపు గాలి, అలలు, కాలం వాటిపై పనిచేస్తూనే ఉన్నాయి.

యాత్రికులకు సూచనలు

భారతదేశం నుంచి వెళ్లేవారు సాధారణంగా లండన్ లేదా ఉత్తర అమెరికా నగరాల మీదుగా పియార్కో విమానాశ్రయానికి చేరుకుంటారు. అక్కడి సమయం భారత కాలమానం కంటే తొమ్మిదిన్నర గంటలు వెనుక ఉంటుంది. జనవరి నుంచి మే వరకు పొడి కాలం, జూన్ నుంచి డిసెంబరు వరకు వానాకాలం. కార్నివాల్ ఫిబ్రవరి లేదా మార్చిలో వస్తుంది. భారతీయుల ఆగమన దినమైన మే 30, బానిసత్వ విముక్తి దినమైన ఆగస్టు 1 జాతీయ సెలవులు. అధికార భాష ఇంగ్లీషు. వాహనాలు మన దేశంలో మాదిరిగానే రోడ్డుకు ఎడమవైపు నడుస్తాయి. రాజధానిలోని కొన్ని ప్రాంతాల్లో నేరాలు ఎక్కువ కనుక, బయలుదేరే ముందు విదేశాంగ శాఖ సూచనలను చూసుకోవాలి. చీకటి పడ్డాక ఒంటరిగా తిరగకపోవడం మంచిది.

రాజధానిలోని ప్రదేశాలకు రెండు రోజులు, నెల్సన్ దీవికి ఒక పూట, మధ్య, దక్షిణ ప్రాంతాలకు రెండు రోజులు కేటాయిస్తే ఈ దీవిని తీరికగా చూడవచ్చు. పెషియే కుటుంబం అమ్మకుండా ఉంచుకున్న శ్మశానం, శివదాస్ సాధు సముద్రం నుంచి సంపాదించుకున్న గుడి స్థలం విస్తీర్ణంలో చిన్నవే. అయితే ట్రినిడాడ్ చరిత్రను అర్థం చేసుకోవాలనుకునేవారు ఈ రెండింటి వద్దా కొంతసేపు ఆగవలసిందే.